పొటాషియం మాంగనీస్ ఫ్లోరైడ్‌లో 43 కెల్విన్ల దగ్గర అయస్కాంతత్వం ఎందుకు పెరుగుతోంది?

తొలికొలత

అందరికీ నమస్కారం. ఘనస్థితి రసాయనంలో పరిశోధన మొదలుపెట్టి ఏడాది అయింది. ఆరు వారాలుగా ఒకే పదార్థంతో కుస్తీ పడుతున్నాను: పెరోవ్‌స్కైట్ నిర్మాణం (లోహ అయాను చుట్టూ ఆరు ఫ్లోరిన్లు అష్టముఖంగా నిలిచి, ఆ అష్టముఖాలు మూలల దగ్గర కలిసే అమరిక) ఉన్న పొటాషియం మాంగనీస్ ఫ్లోరైడ్. పెద్దవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని రాస్తున్నాను.

చేసిన పద్ధతి ఇది. పొటాషియం ఫ్లోరైడ్‌ను 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా ఆరబెట్టాను. మాంగనీస్ డైఫ్లోరైడ్‌ను సీసాలోంచి తీసింది తీసినట్టే వాడాను. రెండూ సమాన మోల్స్ తూచి, అగేట్ కల్వంలో అరగంట నూరి, గుళికగా నొక్కి, అల్యూమినా పడవలో పెట్టి, ఆర్గాన్ ప్రవాహంలో 650 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచాను. ఎక్స్-కిరణ వివర్తనం శుభ్రంగా వచ్చింది. రాగి కిరణంతో 21.2, 30.1, 37.1, 43.1 డిగ్రీల దగ్గర శిఖరాలు కనిపించాయి. అన్నీ ఘనాకార యూనిట్ సెల్‌కు సరిపోయాయి, భుజం 4.19 ఆంగ్‌స్ట్రాములు. అదనపు శిఖరం ఒక్కటీ లేదు.

చిక్కు అయస్కాంత కొలతల్లో వచ్చింది. 1000 ఓర్‌స్టెడ్‌ల క్షేత్రంలో 300 నుంచి 2 కెల్విన్ల వరకు కొలిచాను. 88 కెల్విన్ల దగ్గర నీల్ బిందువు, అంటే పొరుగు స్పిన్లు (అయానుల చిన్న అయస్కాంతాలు) ఎదురెదురు దిశల్లో క్రమంగా నిలబడే ఉష్ణోగ్రత, కనిపించింది. 81 దగ్గర చిన్న మెట్టు ఉంది, అది బలహీన ఫెర్రో అయస్కాంతత్వమని, అంటే ఎదురెదురు స్పిన్లు కాస్త వంగి కొద్దిపాటి అయస్కాంతత్వం మిగలడమని, చదివాను. కానీ 43 కెల్విన్ల దగ్గర, క్షేత్రంలో చల్లార్చిన గీత ఒక్కసారిగా పైకి లేస్తోంది. క్షేత్రం లేకుండా చల్లార్చిన గీత అక్కడే దాని నుంచి విడిపోతోంది. ఇది స్పిన్లు దిశ మార్చుకోవడమా? ఇప్పటివరకు ఎవరూ గమనించని మార్పు కావచ్చా?

హీలియంచలి

తొలికొలత గారూ, వివరంగా రాసినందుకు ముందుగా ధన్యవాదాలు. కొలత ఒక్కటే పెట్టి జవాబు అడిగేవాళ్లే ఎక్కువ.

43 అన్న అంకె చూడగానే నాకు ఒక పేరే తట్టింది: ట్రైమాంగనీస్ టెట్రాక్సైడ్, ఖనిజంగా హౌస్మనైట్. అది 42, 43 కెల్విన్ల దగ్గర ఫెర్రీ అయస్కాంతంగా (ఎదురెదురు స్పిన్లు అసమానం కావడంతో బలమైన అయస్కాంతత్వం మిగిలేదిగా) మారుతుంది. మాంగనీస్ ఉన్న ఏ పదార్థంలోనైనా సరిగ్గా ఆ ఉష్ణోగ్రత దగ్గర గీత లేస్తే, మొదట అనుమానించవలసింది దాన్నే. మీ ప్రధాన పదార్థం యాంటీఫెర్రో అయస్కాంతం, ఎదురెదురు స్పిన్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి దాని సంకేతం చాలా చిన్నది. పక్కన ఫెర్రీ అయస్కాంతం చిటికెడు ఉన్నా గీత మొత్తాన్ని అదే లాక్కుపోతుంది.

ఎక్స్-కిరణాల్లో కనిపించలేదన్నారు. మామూలు ప్రయోగశాల యంత్రం నూటికి ఒక పాలు కంటే తక్కువ ఉన్న మలినాన్ని పట్టడం కష్టం. అయస్కాంత మాపకం దానికంటే ఎన్నో రెట్లు సున్నితమైనది. రెండూ వేర్వేరు మాటలు చెబితే, ఈ విషయంలో రెండోదాన్నే నమ్మండి.

ఒక ప్రశ్న: మీ పొడి ఏ రంగులో ఉంది?

తొలికొలత

లేత గోధుమ రంగు. నూరినప్పుడు లేత గులాబీ ఛాయ ఉండేది, కొలిమి నుంచి బయటికి తీశాక గోధుమ రంగుకు తిరిగింది. వేడికి అలా అవుతుందేమో అనుకున్నాను.

కొలిమికాపరి

కాదండీ, వేడికి అలా అవదు. రెండు ధన ఆవేశాల మాంగనీస్ ఫ్లోరైడ్‌లో ఉంటే రంగు దాదాపు తెలుపు, లేదా బాగా పలుచటి గులాబీ. గోధుమ రంగు వచ్చిందంటే మాంగనీస్ కొంతైనా ఆక్సీకరణ చెందిందన్నమాట. గుళికను మధ్యకు విరిచి చూడండి. పైపొర గోధుమ రంగులో, లోపల గులాబీగా ఉంటే తప్పు కొలిమిలోని వాయువుది. లోపల కూడా గోధుమగానే ఉంటే తడి మొదటి నుంచీ మీ పొడిలోనే ఉంది.

ఫ్లోరైడ్లతో పనిచేసేవాళ్లకు అసలు శత్రువు నీటి ఆవిరి, ఆక్సిజన్ దాని తర్వాతే. పొటాషియం ఫ్లోరైడ్ గాలిలోని తేమను ఎంత గట్టిగా పీలుస్తుందంటే, తెరిచి ఉంచితే కాసేపటికి తనంతట తానే కరిగి ముద్దవుతుంది. మీరు రాత్రంతా ఆరబెట్టారు, మంచిదే. ఆ తర్వాత అరగంట సేపు బయట గాలిలో నూరారు. రాత్రంతా పోగొట్టిన నీరు ఆ అరగంటలో తిరిగి వచ్చేసింది. ఆ నీరు 650 డిగ్రీల దగ్గర మాంగనీస్ డైఫ్లోరైడ్‌తో కలిసి మాంగనీస్ ఆక్సైడ్‌ను, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను ఇస్తుంది. ఆర్గాన్‌లో మిగిలిన కాస్త ఆక్సిజన్ ఆ ఆక్సైడ్‌ను హౌస్మనైట్‌గా మారుస్తుంది. అక్కడితో హీలియంచలి గారు చెప్పిన 43 కెల్విన్లు వచ్చేస్తాయి.

మరో మాట. పొడిని క్వార్ట్జ్ గొట్టంలో సీలు చేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. నేరుగా క్వార్ట్జ్‌కు తగిలేలా మాత్రం పెట్టకండి. హైడ్రోజన్ ఫ్లోరైడ్ సిలికాను తిని సిలికాన్ టెట్రాఫ్లోరైడ్‌ను, నీటిని వదులుతుంది. ఆ నీరు మళ్లీ మీ ఫ్లోరైడ్ మీద పడి కొత్త హైడ్రోజన్ ఫ్లోరైడ్ తయారు చేస్తుంది, అది మళ్లీ గొట్టాన్ని తింటుంది. మొదట ఉన్నది ఒక్క చుక్క తడే అయినా, సీలు చేసిన గొట్టంలో అది తిరిగి తిరిగి పనిచేస్తూనే ఉంటుంది. అల్యూమినా పడవ కూడా ఫ్లోరైడ్ ఆవిరికి పూర్తిగా తట్టుకోదు. ప్లాటినం, నికెల్, బంగారం నమ్మదగినవి.

అష్టముఖి

ఒక చిన్న అభ్యంతరం. అంకె కలిసింది కాబట్టి మలినమేనని తేల్చేయడం నాకు నచ్చదు. ఇదే పదార్థం 186 కెల్విన్ల దగ్గర ఒకసారి నిర్మాణం మార్చుకుంటుంది, 88 దగ్గర అయస్కాంత క్రమం వస్తుంది, 81 దగ్గర మళ్లీ మారుతుంది. ఇన్ని మలుపులున్న పదార్థంలో ఇంకొకటి ఉండకూడదని లేదు. ఆక్సైడ్ అన్నది బలమైన అనుమానమే. కానీ అనుమానాన్ని రుజువు చేసే ప్రయోగం చేయాలి కదా.

హీలియంచలి

మీ మాట న్యాయమైనది. మూడు పరీక్షలు చెబుతాను, మూడూ వారంలో అయిపోతాయి.

మొదటిది, 50 కెల్విన్ల దగ్గర ఒకసారి, 10 కెల్విన్ల దగ్గర ఒకసారి, క్షేత్రాన్ని 5 టెస్లాల వరకు పెంచుతూ అయస్కాంతీకరణ కొలవండి. ఎక్కువ క్షేత్రంలోని సరళరేఖను వెనక్కి, సున్నా క్షేత్రం దాకా పొడిగించండి, అక్కడ వచ్చే విలువే అంతరఖండం. వంగిన స్పిన్ల వల్ల వచ్చే చిన్న అయస్కాంతీకరణ రెండు ఉష్ణోగ్రతల్లోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. రెండు అంతరఖండాల మధ్య తేడా ఎంత ఉంటే అంత కొత్తగా వచ్చినదాని వాటా.

రెండోది, వేరే సీసాలోని మాంగనీస్ డైఫ్లోరైడ్‌తో ఇంకో నమూనా చేయండి. పదార్థం సొంత గుణమైతే 43 దగ్గర ఎగుడు అదే పరిమాణంలో రావాలి. మలినమైతే ఒక్కో నమూనాలో ఒక్కో పరిమాణంలో వస్తుంది.

మూడోది నాకు ఇష్టమైనది. ఇప్పుడున్న పొడిలో నూటికి అర పాలు హౌస్మనైట్‌ను తెలిసే కలిపి మళ్లీ కొలవండి. గీత ఆకారం మారకుండా ఎత్తు మాత్రమే పెరిగితే, అష్టముఖి గారు అడిగిన రుజువు అదే.

ప్రశ్నలపెట్టె

నేను ఇంకా ఎమ్మెస్సీ చదువుతున్నాను. మధ్యలో దూరి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాంగనీస్ అయానులో జతకాని ఎలక్ట్రాన్లు 5, నికెల్‌లో 2. మరి పొటాషియం నికెల్ ఫ్లోరైడ్ నీల్ ఉష్ణోగ్రత 246 కెల్విన్లని, మాంగనీస్‌ది 88 మాత్రమే అని పుస్తకంలో ఉంది. స్పిన్ ఎక్కువ ఉన్నదానికి క్రమం తక్కువ ఉష్ణోగ్రతలో రావడం ఎలా?

అష్టముఖి

అడగవలసిన ప్రశ్నే అడిగారు, ఇందులో ఏమనుకోవడానికి ఏముంది?

ముందు సగటు క్షేత్ర సిద్ధాంతంతో (ప్రతి స్పిన్ మీద పొరుగువాళ్ల సగటు ప్రభావమే చూసే ఉజ్జాయింపుతో) ఒక లెక్క వేద్దాం. ప్రతి లోహ అయానుకు ఫ్లోరిన్ వంతెన మీదుగా ఆరుగురు పొరుగువాళ్లు. అప్పుడు నీల్ ఉష్ణోగ్రత, వినిమయ బలానికి (పొరుగు స్పిన్లు ఒకదాన్నొకటి పట్టుకునే బలం, కెల్విన్లలో) 4 రెట్లను స్పిన్ వర్గపదంతో (స్పిన్ విలువను, దానికి ఒకటి కలిపిన విలువతో గుణించినది) గుణిస్తే వస్తుంది. ఆ వర్గపదం నికెల్‌కు 1ని 2తో గుణిస్తే 2, మాంగనీస్‌కు 2.5ని 3.5తో గుణిస్తే 8.75. అంటే నికెల్‌లో 246ను 8తో భాగించాలి, సుమారు 31 కెల్విన్లు. మాంగనీస్‌లో 88ని 35తో భాగించాలి, సుమారు 2.5 కెల్విన్లు. ఒక్కో బంధం బలంలో నికెల్ పన్నెండు రెట్లు పైన ఉంది! సగటు క్షేత్రం ఉజ్జాయింపే కాబట్టి అసలు విలువలు కొంత మారతాయి, కానీ ఆ అంతరం చెరిగిపోదు.

ఎందుకు? స్పిన్లు నేరుగా మాట్లాడుకోవు, మధ్యలో ఉన్న ఫ్లోరిన్ ద్వారా మాట్లాడుకుంటాయి. 1934లో క్రామర్స్ చెప్పిన ఈ ఆలోచనను ఆండర్సన్ సిద్ధాంతంగా మలిచారు. గుడ్‌ఇనఫ్, కనమోరి నియమాలుగా దిద్దారు. నికెల్‌లో జతకాని రెండు ఎలక్ట్రాన్లూ ఫ్లోరిన్ వైపు నేరుగా చూసే ఆర్బిటాళ్లలోనే ఉన్నాయి. లోహం, ఫ్లోరిన్, లోహం ఒకే గీత మీద, 180 డిగ్రీల కోణంలో నిలబడితే ఆ ఆర్బిటాళ్లు ఫ్లోరిన్ పీ ఆర్బిటాల్‌తో ఎదురెదురుగా కలుస్తాయి. మాంగనీస్‌లో అయిదింటిలో రెండే అలాంటివి. మిగతా మూడూ పక్కకు చూసేవి, వాటి వాటా బలహీనం. మొత్తం బలం అయిదు స్పిన్ల మీద పంచబడుతుంది. పైగా నికెల్ అయాను చిన్నది. నికెల్ నుంచి ఫ్లోరిన్‌కు దూరం 2.01 ఆంగ్‌స్ట్రాములు, మాంగనీస్ నుంచి 2.09. ఈ 0.08 తేడా చూడటానికి స్వల్పమే, ఆర్బిటాళ్ల కలయికకు మాత్రం చాలా పెద్దది.

కోణం పాత్ర చూడాలంటే పొటాషియం బదులు సోడియం పెట్టండి. సోడియం చిన్నది, గూడు నిండదు, అష్టముఖాలు వాలిపోతాయి, వంతెన వంగుతుంది. సోడియం మాంగనీస్ ఫ్లోరైడ్ నీల్ ఉష్ణోగ్రత 66 కెల్విన్లే. గోల్డ్‌ష్మిట్ 1926లో ఇచ్చిన సహన గుణకం (అయానుల పరిమాణాలు ఈ అమరికలో ఎంత బాగా ఇముడుతాయో చెప్పే సంఖ్య, 1 అయితే సరిగ్గా సరిపోయినట్టు) లెక్కిస్తే సోడియం దానికి 0.89, పొటాషియం దానికి 0.97, రుబీడియం దానికి దాదాపు 1.00 వస్తాయి. సీజియం దానికి 1.05. అక్కడ ఘనాకార పెరోవ్‌స్కైట్ నిలవక షట్కోణ నిర్మాణం వస్తుంది. ఒక్క అయాను వ్యాసార్ధం మార్చుకుంటూ పోతే నిర్మాణం మొత్తం ఇలా నడవడం నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

హీలియంచలి

దీనికే ఒక హెచ్చరిక చేరుస్తాను. నికెల్ పదార్థాన్ని 300 కెల్విన్ల వరకు కొలిచి, పైభాగానికి క్యూరీ-వైస్ సరళరేఖ (క్రమం లేని ఉష్ణోగ్రతల్లో అయస్కాంత స్పందన విలోమం ఉష్ణోగ్రతతో పాటు సరళంగా పెరిగే రేఖ) గీసి, దాని నుంచి అయస్కాంత భ్రామకం తీసే పొరపాటు చాలాచోట్ల చూస్తుంటాను. నీల్ బిందువే 246 దగ్గరుంటే 300 దగ్గర స్పిన్లు ఇంకా ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. అక్కడ సరళరేఖ కనిపించినా దానికి అర్థం లేదు. ఓవెన్ అమరికతో 600, 700 కెల్విన్ల దాకా పోవాలి. మాంగనీస్ దానిలో ఇబ్బంది కొంత తక్కువ. 200 నుంచి 300 వరకు రేఖ బాగానే వస్తుంది, భ్రామకం 5.92 బోర్ మాగ్నెటాన్లకు దగ్గరగా ఉండాలి.

న్యూట్రాన్‌బాట

చర్చ మంచి దారిలో ఉంది. నిర్మాణం గురించి కొంత చెప్పాలనిపించింది.

తొలికొలత గారు గది ఉష్ణోగ్రతలో ఘనాకారమని చూశారు. 186 కెల్విన్ల దగ్గర అది చతుష్కోణీయమవుతుంది. అష్టముఖాలు ఒక అక్షం చుట్టూ మెల్లగా తిరుగుతాయి, నిలువుగా ఒకదాని మీద ఒకటి ఉన్నవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. అందువల్ల యూనిట్ సెల్ పెద్దదై కొత్త శిఖరాలు రావాలి. కానీ కదిలినవి ఫ్లోరిన్లు మాత్రమే. ఫ్లోరైడ్ అయానులో ఎలక్ట్రాన్లు 10, రెండు ధన ఆవేశాల మాంగనీస్‌లో 23, పొటాషియం అయానులో 18. ఎక్స్-కిరణాలు ఎలక్ట్రాన్లనే చూస్తాయి కాబట్టి ఆ కొత్త శిఖరాలు చాలా నీరసంగా ఉంటాయి. న్యూట్రాన్లకు లెక్క వేరు. పరిక్షేపణ పొడవు (పరమాణు కేంద్రకం న్యూట్రాన్లను ఎంత గట్టిగా చెదరగొడుతుందో చెప్పే కొలత) ఫ్లోరిన్‌కు 5.65 ఫెమ్టోమీటర్లు, పొటాషియానికి 3.67, మాంగనీస్‌కు మైనస్ 3.73. ముగ్గురిలో ఫ్లోరినే అందరికంటే గట్టిగా కనిపిస్తుంది, మాంగనీస్‌కు గుర్తే తిరగబడింది. ఈ పదార్థం న్యూట్రాన్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

ఇక అయస్కాంత క్రమం. ప్రతి స్పిన్‌కూ ఆరుగురు పొరుగువాళ్లూ వ్యతిరేక దిశలో ఉండే అమరికలో సెల్ మూడు దిశల్లోనూ రెట్టింపవుతుంది. పొటాషియంతో ఉన్న ఈ ఫ్లోరైడ్ల అయస్కాంత నిర్మాణాలను స్కాతురిన్, కార్లిస్, ఎలియట్, హేస్టింగ్స్ 1961లోనే న్యూట్రాన్లతో తేల్చారు. చిక్కు ఏమిటంటే, అష్టముఖాల తిరుగుడు వల్ల రెట్టింపయ్యే సెల్, స్పిన్ల వల్ల రెట్టింపయ్యే సెల్ ఒకే తరహావి. రెండు రకాల శిఖరాలూ ఒకే వరుసలో పడతాయి. అయితే ఒక వెసులుబాటు ఉంది. రెట్టింపు సెల్‌లో 111 శిఖరానికి (ఈ అంకెలు స్ఫటికంలోని పరమాణు తలాలకు గుర్తులు) తిరుగుడు వాటా సున్నా. కాబట్టి 4.84 ఆంగ్‌స్ట్రాముల దగ్గర వచ్చే ఆ మొదటి శిఖరం పూర్తిగా స్పిన్లదే. 311లో రెండూ కలిసి ఉంటాయి. 111ని ఉష్ణోగ్రతతో పాటు వెంబడిస్తే 88 దగ్గర అది మాయమవడం స్పష్టంగా కనిపిస్తుంది.

43 కెల్విన్ల ప్రశ్నకూ ఇదే కొలబద్ద. మీ పదార్థంలో స్పిన్లు నిజంగా దిశ మార్చుకుంటే 111 తీవ్రత అక్కడ మెలిక తిరగాలి. మలినమైతే ఆ శిఖరానికి ఏమీ కాదు.

తొలికొలత

(తొమ్మిది రోజుల తర్వాత)

గుళిక విరిచి చూశాను. బయటా లోపలా ఒకే గోధుమ రంగు.

మొదటి పరీక్షలో రెండు అంతరఖండాల మధ్య తేడా గ్రాముకు 0.12 ఈఎంయూ (అయస్కాంత భ్రామకం కొలిచే ప్రమాణం) వచ్చింది. మూడో పరీక్షలో హౌస్మనైట్ కలిపాక గీత అచ్చంగా అదే ఆకారంలో, అదే 43 దగ్గర లేచింది. ఎత్తు మాత్రం రెండు రెట్లు దాటింది. కొత్త మార్పు కనిపెట్టాననుకుని రెండు వారాలు నిద్రపోలేదు, ఒప్పుకోవడానికి కొంచెం బాధగానే ఉంది.

హీలియంచలి

హౌస్మనైట్ సంతృప్త అయస్కాంతీకరణ గ్రాముకు సుమారు 40 ఈఎంయూ అనుకుంటే, మీ 0.12 అంటే నూటికి 0.3 పాలు. పొడిలో రేణువులన్నీ క్షేత్రం వైపు పూర్తిగా తిరగవు కాబట్టి అసలు కొంచెం ఎక్కువే ఉండవచ్చు. మీ ఎక్స్-కిరణ చిత్రంలో ఒక్క శిఖరమూ లేకపోవడం ఇప్పుడు అర్థమవుతుంది.

బాధపడకండి. అనుమానాన్ని మీ చేతులతో మీరే పరీక్షకు పెట్టారు, ఫలితాన్ని దాచకుండా ఇక్కడ పెట్టారు. రెండోది అందరూ చేయరు.

కొలిమికాపరి

ఇప్పుడు మలినం లేకుండా చేసే పద్ధతి. మాంగనీస్ డైఫ్లోరైడ్‌ను అమ్మోనియం బైఫ్లోరైడ్‌తో కలిపి, ఆర్గాన్ ప్రవాహంలో ముందు 250, 300 డిగ్రీల మధ్య కొన్ని గంటలు ఉంచండి. బైఫ్లోరైడ్ 126 డిగ్రీల దగ్గర కరిగి, ఇంకా వేడెక్కితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఇస్తుంది. రేణువుల మీద ఆక్సైడ్ పొర ఉంటే అది తిరిగి ఫ్లోరైడ్ అవుతుంది. తర్వాత గ్లవ్ బాక్స్‌లోనే (గాలి, తడి చొరబడని మూసిన పెట్టె) తూచి, గ్లవ్ బాక్స్‌లోనే నూరండి. కల్వాన్ని కూడా ముందు రోజు ఆరబెట్టి లోపల పెట్టుకోండి. ప్లాటినం లేదా నికెల్ పడవ వాడండి. ఆర్గాన్‌ను వేడి టైటానియం మీదుగా పంపగలిగితే మిగిలిన ఆక్సిజన్ కూడా పోతుంది.

ఇది చదివే ప్రతి ఒక్కరికీ ఒక మాట, దయచేసి దాటేయకండి. ఇందులో వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. చర్మానికి తగిలితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు. పలుచటి ద్రావణమైతే గంటల తర్వాత కూడా తెలియవచ్చు. ఈలోగా అది లోపలికి దిగి శరీరంలోని కాల్షియాన్ని పట్టేస్తుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ పని మొదలుపెట్టక ముందే చేతికందే దూరంలో ఉండాలి. తగిలిన వెంటనే నీటితో బాగా కడిగి, జెల్ రాసి, నొప్పి లేకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. బయటికి పోయే వాయువును క్షార ద్రావణంలోంచి పంపి, పొగగూడు కింద మాత్రమే చేయండి. ఒంటరిగా చేయకండి.

ప్రశ్నలపెట్టె

కొలిమి లేకుండా నీటిలోనే చేయవచ్చని విన్నాను, నిజమేనా?

కొలిమికాపరి

నిజమే. మాంగనీస్ క్లోరైడ్ ద్రావణాన్ని పొటాషియం ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ద్రావణంలో పోస్తే పెరోవ్‌స్కైటే అవక్షేపంగా దిగుతుంది. అందంగా ఉంటుంది. కానీ ఫ్లోరైడ్ ద్రావణం స్వభావరీత్యా కాస్త క్షారం. క్షారంలో మాంగనీస్ హైడ్రాక్సైడ్ వచ్చిందంటే గాలి తగలగానే గోధుమ రంగు ఎక్కుతుంది. అంటే మళ్లీ అదే కథ. నీటిని మరిగించి ఆక్సిజన్ తీసేసి, నైట్రోజన్ కింద చేయాలి. రేణువులు కూడా చిన్నవిగా వచ్చి శిఖరాలు వెడల్పవుతాయి. పొటాషియం ఫ్లోరైడ్‌ను, లోహ ఫ్లోరైడ్‌ను గంటల తరబడి బాల్ మిల్లులో ఆడించినా ఇలాంటి పెరోవ్‌స్కైట్లు వస్తాయి, అక్కడా రేణువుల సమస్యే. అయస్కాంత కొలతలకు నా ఓటు కొలిమికే.

న్యూట్రాన్‌బాట

ఇది పక్కదారే అయినా చెప్పకుండా ఉండలేను. ఈ కుటుంబంలో రాగి పదార్థం చూడండి, పొటాషియం కాపర్ ఫ్లోరైడ్. సూత్రం అదే, స్వభావం పూర్తిగా వేరు. రాగి అయాను చుట్టూ యాన్-టెల్లర్ ప్రభావం (ఎలక్ట్రాన్ల అమరిక వల్ల అయాను చుట్టూ ఉన్న ఆకారం సాగడం) వల్ల ఫ్లోరిన్ బంధాలు ఒకేలా ఉండవు, పొడవు పొట్టి బంధాలు పొరలో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆర్బిటాళ్లు కూడా ఆ వరుసలోనే సర్దుకుంటాయి. దాంతో ఒక అక్షం వెంట వినిమయం బలంగా, మిగతా రెండు దిశల్లో చాలా బలహీనంగా ఉంటుంది. చూడటానికి మూడు దిశల్లోనూ దాదాపు ఒకేలా ఉన్న స్ఫటికం, స్పిన్లకు మాత్రం విడివిడి గొలుసుల కట్ట! గొలుసుల బలం వందల కెల్విన్లలో ఉన్నా మూడు దిశల క్రమం 39 కెల్విన్ల దగ్గర గానీ రాదు. గొలుసులోని ఉత్తేజం రెండు స్పినాన్లుగా (ఒక్కోటీ సగం స్పిన్ మోసే ఉత్తేజాలుగా) విడిపోవడాన్ని 1993లో న్యూట్రాన్లతో చూసింది ఈ పదార్థంలోనే.

తొలికొలత

(నెల తర్వాత)

కొలిమికాపరి గారు చెప్పినట్టే చేశాను, పర్యవేక్షకుల సమక్షంలో, జెల్ బల్ల మీద పెట్టుకుని. పడవ బయటికి తీసినప్పుడు పొడి గులాబీ రేకు లోపలి వైపు ఉండేంత పలుచటి రంగులో ఉంది. ఆ క్షణం చెప్పలేని సంతోషం.

కొలత కూడా వచ్చింది. 43 దగ్గర గీత నున్నగా సాగిపోయింది, రెండు గీతలూ అక్కడ విడిపోలేదు. భ్రామకం 5.9 బోర్ మాగ్నెటాన్లు. ఆక్సైడ్ నీడ పోయాక 81 దగ్గరి మెట్టు మునుపటికంటే నిటారుగా కనిపిస్తోంది. చల్లార్చేటప్పుడు ఒక చోట, వేడిచేసేటప్పుడు దానికి కొంచెం పైన వస్తోంది. ఈ తేడా నిజమా, లేక నేను వేగంగా కొలవడం వల్ల వచ్చిందా?

హీలియంచలి

ఆ మార్పు మొదటి తరగతికి చెందినది (క్రమక్రమంగా కాక ఒక్కసారిగా జరిగేది) కాబట్టి వెళ్లే దారి, వచ్చే దారి వేరుగా ఉండటం సహజమే. కానీ ఎంత తేడా అన్నది ఇప్పుడే రాసుకోకండి. ఉష్ణోగ్రతను జార్చుకుంటూ కొలవడం మాని, 84 నుంచి 78 వరకు 0.2 కెల్విన్ల మెట్లుగా దిగండి. ప్రతి మెట్టు దగ్గర ఉష్ణోగ్రత నిలకడగా ఉందని చూసి, ఇంకో అయిదు నిమిషాలు ఆగి కొలవండి. అదే పద్ధతిలో తిరిగి పైకి రండి. తర్వాత ఆగే సమయాన్ని రెట్టింపు చేసి ఇంకోసారి చేయండి. రెండుసార్లూ ఒకే తేడా వస్తే అది మీ పదార్థానిది. గీతలు ఇక్కడ పెట్టండి, చూస్తాను.